పదిమంది పిల్లల వాక్యం

మెట్రో స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో చూసి, ఆటోలో కూర్చునే ఫక్కున నవ్వాను. పోయిన మనిషి ఫొటో చూసి నవ్వకూడదని నాకూ తెలుసు. కానీ ఆ ఫొటో కింద ఎర్రటి అక్షరాలతో ‘విద్యాదాత, వ్యాకరణ సింహం’ అని రాసి ఉంటే ఎంతసేపని ఆపుకుంటాం? చుట్టూ నివాళులర్పిస్తున్న పూర్వ విద్యార్థులు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ ఫొటోలు పోయినాయన ఫొటో కంటే పెద్దవి. ఆయన మాత్రం రెండు చేతులూ జోడించి, తల కాస్త పక్కకు వంచి, అడ్మిషన్ కోసం వచ్చిన తల్లిదండ్రులను చూసి నవ్వే ఆ నవ్వే నవ్వుతున్నాడు. ఇంకా సీట్లున్నాయి, రండి అంటున్నట్టే ఉంది.

ఆటో అతను అద్దంలోంచి చూశాడు. “ఏమైంది మేడమ్, తెలిసినోళ్లా?”

“మా సారు.”

“అయ్యో. మంచోడా?”

“గ్రీన్ సిగ్నల్ పడింది, పోనివ్వండి,” అన్నాను.

ఆయన పేరు చెప్పను. ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్ళు నొచ్చుకుంటారని కాదు, అసలు ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పిల్లలకూ టీచర్లకూ కింద జిరాక్స్ షాపు వాళ్ళకూ అందరికీ ఆయన సారే. అమీర్‌పేటలో ఒక సందులో, మూడంతస్తుల భవనంలో మొదటి అంతస్తు మొత్తం ఆయన ఇంగ్లిష్ మీడియం బడి. కింద జిరాక్స్, స్పైరల్ బైండింగ్. పైన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు. ఆ బడికి కరస్పాండెంటూ ఆయనే, ప్రిన్సిపాలూ ఆయనే. మూడో తరగతి ఇంగ్లిషు మాత్రం నాది. అదీ పేరుకే.

నేను ఏలూరు నుంచి జావా నేర్చుకోవడానికి వచ్చినదాన్ని. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఒకే గదిలో ఐదుగురం పడుకుంటూ కోర్సు పూర్తి చేశాను. చేసేసరికి అమెరికాలో ఎక్కడో ఏదో కూలిందన్నారు, ఇక్కడ ఉద్యోగాలు ఆగిపోయాయి. ఇంటికి వెళ్ళి మొహం చూపించలేక, ఉద్యోగం దొరికేదాకా ఏదో ఒకటి అనుకుంటూ ఆ బడి మెట్లెక్కాను. అంటే మొదటిరోజు నుంచే ఆ బడినీ ఆ సారునూ చులకనగానే చూశాను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ హాయి, మీకూ హాయి.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక కారు యాంటెన్నా ఉండేది. ఏదో పాత కారు నుంచి పీకిందట. లాగితే మూరెడు, మూస్తే జానెడు. మాట మొదలుపెట్టే ముందు సర్రున లాగేవాడు, మాట అయ్యాక అరచేత్తో టకటకా మూసేవాడు. సుద్దముక్క ముట్టుకోగా నేను చూడలేదు. బోర్డు మీద ఏదైనా రాయాలంటే యాంటెన్నాతో టీచరు వైపు చూపించేవాడు, టీచరు రాసేది. ఇంటర్వ్యూలో నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“సెంటెన్స్ అంటే ఏంటమ్మా?”

చిన్నప్పుడు నేర్చుకున్నది చెప్పాను. కొన్ని పదాలు కలిసి పూర్తి అర్థం ఇస్తే అది వాక్యం అని.

ఆయన నావైపు జాలిగా చూశాడు. “బట్టీ. అందరూ బట్టీయే. సెంటెన్స్ అంటే క్యూ అమ్మా. పంజగుట్ట బస్టాపులో మనవాళ్ళు క్యూ కట్టరు కాబట్టి మనకి తెలీదుగానీ, సెంటెన్స్ అంటే క్యూ.” యాంటెన్నా మూశాడు. “మీరు జావా చేశారా? వెరీ గుడ్. ఆ ముక్క పేరెంట్స్‌కి నేను చెప్పుకుంటాలెండి.”

చెప్పుకున్నాడు. మర్నాటి నుంచి ఎవరొచ్చినా నన్ను పిలిచి, “మా సాఫ్ట్‌వేర్ ఫ్యాకల్టీ. థర్డ్ క్లాస్ ఇంగ్లిష్ చూస్తారు,” అని పరిచయం చేసేవాడు. ఉద్యోగం దొరక్క వచ్చానని నేను అనలేదు. చీర కొంగు సర్దుకుని, కాస్త నిటారుగా నిలబడి, తల ఊపేదాన్ని.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా ఫ్రీ డెమో. మొదటి క్లాసు ఉచితంగా చూపిస్తారు. నచ్చితే చేరతారు, నచ్చకపోతే పక్క మెట్లెక్కుతారు. మా పై అంతస్తులో ప్రతి శనివారం పొద్దున ఒక డెమో ఉండేది. ఫైళ్ళు చంకన పెట్టుకున్న కుర్రాళ్ళు మెట్ల మీద బారులు తీరి నిలబడేవాళ్ళు. సారు ఏడాదిపాటు గుమ్మంలో నిలబడి ఆ బారును చూశాడట. చూసి చూసి, మన బడికి మాత్రం ఏం తక్కువని తనూ ఒక డెమో మొదలుపెట్టాడు. దానికి పాంప్లెట్ కూడా వేయించాడు. ‘రియల్ టైమ్ గ్రామర్. హండ్రెడ్ పర్సెంట్ ప్రాక్టికల్. శనివారం ఉచిత డెమో.’

“రియల్ టైమ్ గ్రామర్ అంటే ఏంటి సార్?” అని ఒకసారి అడిగాను.

“అప్పటికప్పుడే అన్నమాటమ్మా,” అన్నాడు.

ఆ అప్పటికప్పుడు కోసం గురువారం నుంచి రిహార్సల్. మా మూడో తరగతి పిల్లల్లో పదిమందిని, వాళ్ళు రెండో తరగతిలో ఉన్నప్పుడే ఏరాడట. ఎనిమిదిమంది మెడల్లో అట్టముక్కలు, రిబ్బన్లతో కట్టి. ఒక్కో అట్ట మీద ఒక్కో ఇంగ్లిషు పదం. మిగతా ఇద్దరిలో ఒకడు కామా, ఒకతె ఫుల్ స్టాప్. ఈల వేయగానే పదిమందీ హాలంతా గందరగోళంగా పరుగెత్తాలి. రెండో ఈలకు వచ్చి వరసగా నిలబడాలి. అప్పుడు ఎడమ నుంచి ఒక్కొక్కరూ తమ పదం అరవాలి. మై. స్కూల్. ఈజ్. వెరీ. బిగ్. కామా అయినవాడు అరవకుండా నడుము దగ్గర కొద్దిగా వంగాలి. క్లీన్. అండ్. బ్యూటిఫుల్. చివర ఫుల్ స్టాప్ నల్లటి గుండ్రటి అట్ట పట్టుకుని గొంతుక్కూర్చోవాలి. చూసేవాళ్ళకంటే ముందు సారు యాంటెన్నాను చంకలో ఇరికించుకుని చప్పట్లు మొదలుపెట్టేవాడు.

‘మై స్కూల్ ఈజ్ వెరీ బిగ్, క్లీన్ అండ్ బ్యూటిఫుల్.’ రెండేళ్ళు ఇదే వాక్యం, మార్చలేదు. ఏ బడిలో నిలబడి అంటున్నారో ఆ పిల్లలకు అనుమానం రాలేదేమో గానీ నాకు ప్రతి శనివారమూ వచ్చేది. నాలుగు గదులు, ఒక హాలు, ఒక బాత్రూము. ఆడుకోవాలంటే మెట్లే. డెమో జరిగే హాల్లో అట్టలు ఎగురుతాయని ఫ్యాన్లు ఆపించేవాడు. మార్చి వచ్చిందంటే పిల్లల చెమటకు స్కెచ్ పెన్ను రంగు కారి, మెడలకు నీలం మరకలు పట్టేవి.

ఈ వైభవం వల్ల మూడో తరగతికి వచ్చిన చదువు ఏమిటో నాకు నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు తెలిసింది. ఆవు మీద ఐదు వాక్యాలు రాయమంటే, మై కౌ ఈజ్ వెరీ బిగ్, క్లీన్ అండ్ బ్యూటిఫుల్. నాన్న మీద రాయమంటే నాన్న కూడా వెరీ బిగ్, క్లీన్ అండ్ బ్యూటిఫుల్. వర్షాకాలం అంతే, పోస్టాఫీసు అంతే. ముప్ఫై నోట్‌బుక్కుల్లో ఒకటే ముక్క. కామా ఎక్కడ పెట్టాలో అక్కడే ఉంది, ఫుల్ స్టాప్ ఎక్కడ పెట్టాలో అక్కడే ఉంది. తప్పు దిద్దడానికి నాకు ఏమీ మిగల్లేదు. సారుకు చూపిస్తే మురిసిపోయాడు. “చూశారా? ఒక్క మిస్టేక్ లేదు,” అన్నాడు.

ఇక పదాలు ఎవరెవరికి ఇచ్చాడో అది వేరే కథ. ఫస్ట్ ర్యాంకు ప్రణీత్‌కు ‘ఈజ్’, ఎందుకంటే వెర్బ్ లేకపోతే సెంటెన్సే లేదట. తెల్లగా బొద్దుగా ఉండే సాహితికి ‘బ్యూటిఫుల్’. బడికి సైన్‌బోర్డు రాయించి ఇచ్చినాయన కొడుకుకు ‘వెరీ’. అలా ఒక్కో పదం వెనక ఒక్కో తండ్రి ఉన్నాడు. చదవడం రాని పిల్లలకు మాత్రం గుర్తులు. ఈ మాట ఆయనే నాకు వివరించాడు, ఏదో దానం చేస్తున్నవాడి మొహం పెట్టుకుని.

“చదవలేని పిల్లల్ని కూడా మనం వదిలెయ్యం అమ్మా. వాళ్ళకి గుర్తులిస్తాం. నోరు తెరవక్కర్లేదు, తప్పు రాదు, పిల్లా హ్యాపీ, పేరెంటూ హ్యాపీ.”

ఆ మాటను ఆయన నిజంగానే నమ్మాడు. మోసం చేస్తున్నానని తెలిసి మోసం చేసేవాడైతే నాకు ఇంత ఒళ్ళు మండేది కాదు. రిబ్బన్లు ఆయనే స్వయంగా కట్టేవాడు, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లల మెడ బిగుసుకోకుండా వేలు పెట్టి చూసుకుని మరీ. అది చూసినప్పుడల్లా నాకు మరింత చిరాకు వేసేది.

ఫుల్ స్టాప్ పేరు నస్రీన్. కింద స్పైరల్ బైండింగ్ చేసే యూసుఫ్ భాయ్ కూతురు. బక్కపల్చగా, పెద్ద కళ్ళతో ఉండేది. గొంతుక్కూర్చుందంటే కదిలేది కాదు. ఈగ వాలినా కదిలేది కాదు. రెండో తరగతి నుంచే ఆ పని మీద ఉంది. గురువారం, శుక్రవారం రిహార్సల్, శనివారం డెమో పోతే, ఆ పిల్లకు వారంలో మిగిలేది మూడు రోజుల చదువు. ఆ మూడు రోజులూ చివరి బెంచీలో అంతే కదలకుండా కూర్చునేది. మూడో తరగతి సగం గడిచినా ఆ పిల్లకు చదవడం రాదని నాకు తెలుసు, సారుకు తెలుసు. తెలియనిది వాళ్ళ నాన్నకే.

యూసుఫ్ భాయ్ ప్రతి శనివారం మెషీన్ ఆపి, చేతులు తుడుచుకుని, పైకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. ఒకసారి నన్ను మెట్ల మీద ఆపాడు.

“మేడమ్, జర ఒక మాట. మా బిడ్డ లాస్ట్‌ల కూసుంటది గదా, ఆమె కూసోకుంటే గా లైన్ అయిపోనే అయిపోదట గదా? సారు చెప్పిండు.”

“అవును భాయ్.”

“గింత పెద్ద పని మా బిడ్డకిచ్చిండు సారు. ఇంట్ల సుత ప్రాక్టీస్ చేస్తది. గోడకు ఆనకుండ కూసుంటది, మస్తు సేపు.” నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “నేను దినమంత గా జావా బుక్కులు, ఒరాకిల్ బుక్కులు బైండింగ్ కొడ్త మేడమ్. ఒక్క అక్షరం సుత సమజ్ కాదు. ఉల్టా పెట్టి కుట్టినా నాకు తెల్వదు. మా బిడ్డ గట్ల కావద్దు. గంతే నాది.”

నేను మళ్ళీ అవును భాయ్ అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. ఏమన్నా అంటే, మీ పిల్లను చదువు రాదనే అక్కడ కూర్చోబెట్టారు అని చెప్పాలి. ఆ మాట సారు చెప్పాలి గానీ నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. నాకు ఆ నెలలోనే రెండు ఇంటర్వ్యూలున్నాయి.

ఒక శనివారం శ్రీనగర్ కాలనీ నుంచి ఒకాయన కొడుకును చేర్పించాలని వచ్చాడు. శనివారం కూడా మెడలోంచి ఆఫీసు ఐడీ కార్డు తీయని రకం. డెమో అంతా కాళ్ళు ఊపుకుంటూ చూశాడు. చప్పట్లయ్యాక వంగి, చివర కూర్చున్న నస్రీన్‌ను వేలితో చూపించాడు.

“ఆ పాప భలే ఉందండీ, బొమ్మలాగా. పాపా, ఇంగ్లిషులో ఏం రాశారో మొత్తం నువ్వు చదువు చూద్దాం.”

నస్రీన్ తలెత్తి సారును చూసింది. సారు యాంటెన్నా సగం లాగి ఆగిపోయాడు. గుమ్మంలో యూసుఫ్ భాయ్ ఒక అడుగు ముందుకు వేశాడు, కూతురు చదువుతుంటే వినాలని. ఆయన మొహం వెలిగిపోతోంది.

సారు యాంటెన్నా పూర్తిగా లాగాడు. “ఫుల్ స్టాప్ మాట్లాడదు సార్. అదే దాని డ్యూటీ!”

ఐడీ కార్డు ఆయన పగలబడి నవ్వాడు. మిగతా తల్లిదండ్రులు నవ్వారు. సారు మళ్ళీ చప్పట్లు కొట్టాడు. అందరూ నవ్వుతున్నారు గనక యూసుఫ్ భాయ్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే అందరికంటే ముందు నవ్వింది నేనే. గండం గడిచినట్టు అనిపించింది, నవ్వు దానంతటదే వచ్చేసింది. ఐడీ కార్డు ఆయన అక్కడే అడ్మిషన్ ఫారం నింపి వెళ్ళాడు.

సోమవారం క్లాసులో నస్రీన్‌ను లేపి, పుస్తకంలో ఒక ముక్క చదవమన్నాను. లేచి నిలబడింది. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది.

“చదువు తల్లీ. వచ్చినంతవరకే చదువు.”

“ఫుల్ స్టాప్ మాట్లాడదు మిస్,” అంది.

పొగరు లేదు, వెటకారం లేదు. బాత్రూముకు వెళ్ళేటప్పుడు అడగాలి, ప్రేయర్‌లో మాట్లాడకూడదు అన్నంత మామూలుగా ఒక రూలు చెప్పింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం బెల్లులో ఆ పిల్లను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏమీ రాని పిల్ల కదా, ఏబీసీడీల దగ్గర మొదలుపెడదామనుకున్నాను. పాఠం పేజీ ముందు పెట్టేసరికి నస్రీన్ వేలు పెట్టి గబగబా వెతకడం మొదలుపెట్టింది.

“ఇగో నేను మిస్. ఇగో ఇక్కడ మళ్ల నేను. గిక్కడొకటి.”

పేజీలో ఉన్న ఫుల్ స్టాపులన్నీ ఒక్కటి వదలకుండా చూపించింది. ఆ తర్వాత ఇంకో పదం మీద వేలు పెట్టి, “ప్రణీత్,” అంది. నాకు అర్థం కాలేదు. వేలి కింద చూస్తే ‘ఈజ్’ ఉంది. ‘బ్యూటిఫుల్’ దగ్గర ఆగి, “సాహితి,” అంది. రెండేళ్ళుగా కింద కూర్చుని ఆ అట్టలను చూస్తూ ఉంది గదా, ఆ గీతలన్నీ పిల్లల పేర్లనుకుంది. ఎవరి మెడలో ఉన్నది వాళ్ళ పేరు. రిహార్సల్లో వాళ్ళు అరిచేది మరి? “గది సారు ఒర్లమంటడు మిస్,” అంది. పేజీలు తిప్పి, బోలెడంత ఆశ్చర్యంగా, “ప్రణీత్ శానా పేజీలల్ల ఉన్నడు మిస్!” అంది.

రియల్ టైమ్ గ్రామర్ సాధించింది ఇదీ. ఆ క్షణంలో సారు ఎదురుగా ఉంటే ఆ యాంటెన్నా లాక్కుని ఏం చేసేదాన్నో నాకే తెలియదు. కానీ ఆ పిల్లకు ఎనిమిది పదాల రూపం కంటికి తెలుసు. పేర్లు తీసేసి మాటలు పెట్టాలి, అంతే కదా అనుకున్నాను. ఫుల్ స్టాప్ దగ్గర వేలు పెట్టించి, “నీ పక్కన ఎవరున్నారు?” అని అడిగేదాన్ని. చివరి పదం నేర్చుకునేది. “ఆ పక్కన?” దాని ముందు పదం నేర్చుకునేది. అందరు పిల్లలూ ముందు నుంచి చదివితే ఈ పిల్ల చివర నుంచి వెనక్కి నడిచింది. వారాలు పట్టింది. నాకు ఓపిక చాలక రెండుసార్లు కసిరాను, ఒకసారి పుస్తకం మూసేశాను. అది మాత్రం రోజూ డబ్బా సగం తిని వచ్చి కూర్చునేది.

ఫిబ్రవరిలో ఒకరోజు, ఎవరూ చెప్పకుండా, నోట్‌బుక్కులో మూడు పదాలు రాసి నా ముందు పెట్టింది. ‘అబ్బా ఈజ్ డౌన్.’ నాన్న కింద ఉన్నాడు. కింద షాపులో మెషీన్ చప్పుడు నిజంగానే వినబడుతోంది. ఆ బడిలో నేను చూసిన మొదటి నిజమైన వాక్యం అదే. బిగ్ లేదు, క్లీన్ లేదు, బ్యూటిఫుల్ అంతకన్నా లేదు. చివర ఫుల్ స్టాప్‌ను శనగగింజంత గుండ్రంగా దిద్ది, లోపలంతా నల్లగా నింపింది. నాకు ఏడుపొచ్చింది. అక్కడే ఏడ్చాను కూడా.

నోట్‌బుక్కు తీసుకుని పరుగున సారు గదికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

“ఫుల్ స్టాప్ ఎంత గుండ్రంగా పెట్టిందో చూశారా? అదంతా మన డెమో ప్రాక్టీసేనమ్మా.”

“సార్, ఆ పిల్ల చదువుతోంది. సొంతంగా రాస్తోంది. ఈ శనివారం నుంచి దానికి కూడా ఒక పదం ఇవ్వండి. ఏదైనా సరే. ‘వెరీ’ ఇవ్వండి.”

“వెరీయా? వాళ్ళ నాన్నగారు బోర్డు రాయించారు కదమ్మా.”

“పోనీ ‘అండ్’ ఇవ్వండి.”

“ఇస్తాం, ఇవ్వం అని ఎవరన్నారు? కానీ ఆ పిల్ల లేస్తే అక్కడ ఎవరు కూర్చుంటారు చెప్పండి? ఉన్నవాళ్ళంతా కోతులు. కదలకుండా కూర్చునే పిల్ల బడి మొత్తానికి అదొక్కతే.”

“ఆ పిల్లకు చదువొస్తోంది సార్!”

“సంతోషం. కూర్చునే చదువుకోమనండి,” అన్నాడు. యాంటెన్నా మూశాడు.

ఆ సాయంత్రం హాస్టల్‌కు వెళ్ళి నా గదిలోవాళ్ళందరికీ ఆయన్ని అనుకరించి చూపించాను. తల పక్కకు వంచడం, సర్రున లాగడం, టకటకా మూయడం. అందరూ పడీపడీ నవ్వారు. ఆయన్ని అంతలా ఏకినందుకు నా పని నేను చేసినట్టే అనిపించి, హాయిగా పడుకున్నాను.

మార్చిలో నాకు ఉద్యోగం వచ్చింది. పంజగుట్టలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్. శుక్రవారం సాయంత్రం ఫోను చేసి సోమవారం చేరమన్నారు. అప్పటికి నస్రీన్ పేజీలో సగం పదాలు చదువుతోంది, మిగతా సగం దగ్గర ఆగి నా మొహం చూస్తోంది. శనివారం డెమో అయ్యాక సారు గదికి వెళ్ళి విషయం చెప్పాను.

“కంగ్రాచ్యులేషన్స్ అమ్మా! ఇది పాంప్లెట్‌లో వేసుకోవచ్చా? మా ఫ్యాకల్టీ సాఫ్ట్‌వేర్‌లో సెలెక్టెడ్ అని?”

ఆ మనిషి అంటే నాకున్న అసహ్యమంతా గొంతులోకి వచ్చింది. ఎలాగూ వెళ్ళిపోతున్నాను, ఇంకేం భయం? కడిగేశాను. డెమో పేరుతో పిల్లలతో తోలుబొమ్మలాట ఆడిస్తున్నారన్నాను. తండ్రుల హోదా చూసి పదాలు పంచుతున్నారన్నాను. చదువు రాని పిల్లను అలాగే ఉంచితే మీకు పనికొస్తుందని రెండేళ్ళు మూల కూర్చోబెట్టారన్నాను. కింద వాళ్ళ నాన్న మీరు చేసింది ఘనత అనుకుంటున్నాడని, ఆ మనిషి కళ్ళలోకి చూసే ధైర్యం మీకుందా అని అడిగాను. చివరికి, “నేను వెళ్ళేలోగా మాటివ్వండి. నస్రీన్‌ను అక్కణ్ణుంచి లేపండి. ఒక పదం ఇవ్వండి,” అన్నాను.

ఆయన అడ్డు చెప్పలేదు. మొహం కూడా మారలేదు. యాంటెన్నా టేబులు మీద పెట్టాడు.

“ఇస్తానమ్మా. సోమవారమే ఇస్తాను. వెరీయే ఇస్తాను, బోర్డాయన ఏమన్నా నేను పడతాను. కానీ ఒకటి. ఆ పిల్లకి ఇంకా సగమే వచ్చు. పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు కావాలి. నాకు ఆ ఓపిక లేదు, ఆ చదువూ లేదు. మిగతా టీచర్లు చెయ్యరు, మీకూ తెలుసు. రోజూ ఆ అరగంట మీరొచ్చి కూర్చుంటానంటే చెప్పండి. సోమవారం వస్తారా?”

నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

“పోనీ మీ ఆఫీసు అయ్యాక? శనివారం?”

కొత్త ఉద్యోగం, ఎలా కుదురుతుందో చూడాలి అన్నాను.

“కుదరదులెండి,” అన్నాడు, తప్పు పట్టకుండా. “వెళ్ళిరండమ్మా.”

బయట హాల్లో నస్రీన్ నల్ల అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, మధ్యాహ్నం బెల్లు కోసం. దానికి ఏం చెప్పాలో తోచక ఏమీ చెప్పకుండా మెట్లు దిగాను.

ఆ మనిషిని ఇన్నేళ్ళుగా ఎక్కడ మాట వచ్చినా వెక్కిరిస్తూనే ఉన్నాను. ఆయన చేసింది తప్పే, ఇప్పుడూ తప్పే అంటాను. ఆ పంజగుట్ట ఆఫీసులో నాలుగేళ్ళు పనిచేశాను. అక్కణ్ణుంచి ఆ బడికి నడిచివెళ్తే ఇరవై నిమిషాలు. ఒక్క శనివారం కూడా వెళ్ళలేదు.